అంతర్దశకు మూడు లైన్లేనా?

నల్లగొండ

చెల్లీ,

కణవిభజన మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. దేవరకొండ దిక్కు గురుకులంలో రోజంతా పాఠాలు చెప్పి, రాత్రిపూట కూర్చుని ఇంత రాశావంటే మెచ్చుకోవాల్సిందే. తప్పులు దాదాపు లేవు. కానీ పుస్తకంలో బొమ్మ చూసి రాసినట్టుంది, కణాన్ని చూసి రాసినట్టు లేదు.

కణం రెండుగా చీలేటప్పుడు వచ్చే ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అని ఒక్కోదానికి పేజీ పేజీ ఇచ్చావు. రెండు విభజనల మధ్య కాలమైన అంతర్దశను మాత్రం మూడు లైన్లలో దాటేసి, పైగా ‘కణం విశ్రాంతి తీసుకునే దశ’ అన్నావు. ముందు ఆ మాట కొట్టెయ్. ల్యాబులో పెంచే మనిషి కణం ఒక చక్రం పూర్తిచేయడానికి సుమారు 24 గంటలు పడితే, అందులో విభజనకు పట్టేది ఒక గంట అటూ ఇటూ. మిగతాదంతా అంతర్దశే. కణం పెరిగేది, ప్రోటీన్లు తయారుచేసుకునేది, డీఎన్ఏను రెట్టింపు చేసుకునేది అప్పుడే. కణం ఎక్కడ ఎక్కువ కాలం గడుపుతుందో నీ మాటలు కూడా అక్కడే ఎక్కువ ఖర్చవ్వాలి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

పెరిగే కణం అలాగే పెరుగుతూ పోవచ్చు కదా, రెండు కావడం దేనికి? ఈ ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నిర్వచనం తీసేసి దీంతోనే మొదలుపెట్టు. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6, ఘనపరిమాణం 1. భుజం రెండు సెంటీమీటర్లు చేస్తే 24, 8. అంటే లోపలి సరుకు ఎనిమిది రెట్లయింది, ఆహారం, ఆక్సిజన్ వచ్చే దారి నాలుగు రెట్లే అయింది. పిల్లల చేతే లెక్క చేయించు. విభజనకు ఇదొక్కటే కారణం కాదు, కానీ ఇక్కడ మొదలుపెడితే అర్థమవుతుంది. ‘మరి కోడిగుడ్డు సొన ఒకటే కణం అంటారు కదా, అంత పెద్దగా ఎట్లుంది మేడం?’ అని ఎవడో ఒకడు లేస్తాడు. వాడి కోసం రెండు లైన్లు రాసిపెట్టుకో: సొనలో చాలావరకు నిల్వ తిండే, జీవమున్న భాగం పైన చిన్న చుక్కంతే.

ఇక పిల్లలు పరీక్షలో తడబడేది లెక్కల దగ్గర. నువ్వు అక్కడ పరుగెత్తావు. ఉల్లి కణంలో క్రోమోసోములు, అంటే డీఎన్ఏను మోసే పోగులు, 16. డీఎన్ఏ రెట్టింపయ్యాక కూడా 16 అనే లెక్కపెడతాం, కాకపోతే ఒక్కోదానికి రెండు క్రొమాటిడ్లు, అంటే అతుక్కుని ఉన్న రెండు నకళ్లు, ఉంటాయి. చలన దశలో అవి విడిపోగానే ఆ కణంలో కాసేపు 32 ఉంటాయి. చివరికి ఒక్కో పిల్ల కణానికి మళ్లీ 16. విభజనకు ముందు క్రోమోసోములు అంత పొట్టిగా, లావుగా ఎందుకు చుట్టుకుంటాయో కూడా రాయాలి. మనిషి కణంలో డీఎన్ఏ పొడవు దాదాపు రెండు మీటర్లు. పోచంపల్లి మగ్గం దగ్గర విడి నూలును ఇద్దరికి పంచబోతే చిక్కుపడుతుంది, కండెలకు చుట్టి ఇస్తే పడదు. ఇదీ అంతే.

ఒకసారి ఉల్లిగడ్డ వేరు స్లైడు నువ్వే చేసి చూడు. దేవరకద్ర మార్కెట్ గడ్డయినా, మీ మెస్సులో గడ్డయినా సరే. ఎండిన పాత వేర్లు గీకేసి, అడుగు నీళ్లకు తగిలేలా గ్లాసు మీద పెడితే కొద్దిరోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. చివర రెండు మూడు మిల్లీమీటర్లే కొయ్యాలి. చాలామంది పొడుగ్గా కోసి, విభజన కనపడట్లేదని టెన్షన్ పడతారు. అసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కి చూస్తే కొసన చిన్న చిన్న కణాలు ఒత్తుగా ఉంటాయి, విభజన జరిగేది అక్కడ. కొంచెం పైకి జరిపితే కణాలు పొడుగ్గా సాగి ఉంటాయి. అవి చీలడం ఆపి, సాగుతున్నాయి. వేరు పెరగడమంటే ఈ రెండూ కలిసి జరగడం. నీ వ్యాసంలో రెండోది లేనే లేదు.

కొసన కూడా ఎక్కువ కణాల్లో గుండ్రటి కేంద్రకమే కనపడుతుంది, క్రోమోసోములు విడిగా తేలవు. అవి అంతర్దశలో ఉన్నవి. వంద కణాలు లెక్కపెట్టి అందులో పది విభజనలో ఉన్నాయనుకో, కణం తన కాలంలో సుమారు పదో వంతు దానికి వాడుతోందని అంచనా వేయొచ్చు. గడియారం లేకుండానే కాలం కొలిచినట్టు. పిల్లలు ఇది మర్చిపోరు.

క్యాన్సర్ పేరా బాగుంది, కానీ భయపెట్టేలా రాశావు. క్లాసులో ఎవరింట్లో ఏముందో మనకు తెలియదు. ముందుకు పోవాలా, ఆగాలా అని కణం తన్ను తాను తనిఖీ చేసుకునే చోట్ల గురించి చెప్పి, అది తప్పినప్పుడు ఏమవుతుందో చెప్పు. ఆ అదుపు ఎలా నడుస్తుందో కనుక్కున్నందుకు హార్ట్‌వెల్, హంట్, నర్స్ అనే ముగ్గురికి 2001లో నోబెల్ వచ్చింది. వాళ్లు పనిచేసింది ఈస్ట్ అనే ఒంటికణ జీవి మీద, సముద్రపు అర్చిన్ అనే ముళ్ల జీవి గుడ్ల మీద. మన ఈత కల్లు పులిసేదీ ఈస్ట్ వల్లే, కాకపోతే ఈ ముక్క హెడ్మాస్టరును అడిగి రాయి!

క్రోమోసోములు సగమయ్యే క్షయకరణ విభజన ఇందులోంచి తీసెయ్, దానికి వేరే వ్యాసం కావాలి. పుస్తకంలోని నాలుగు బొమ్మలు కూడా వద్దు. బొమ్మ గీయడం వచ్చిన పిల్ల ఎవరైనా ఉంటే, మైక్రోస్కోపులో ఏం కనపడితే అదే, ఆ గుండ్రటి కేంద్రకాలతో సహా గీయమను. దాన్నే వ్యాసం మొదట్లో పెట్టి పంపు.

నీ అన్న