పాత సంగీతానికి పాత వాద్యాలే ఎందుకు?

ప్రశ్న: 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త టెలెమాన్ రచించిన పారిస్ క్వార్టెట్లను (నాలుగు భాగాల రచనలను) అయిదుగురు కళాకారులు ఆ కాలపు వాద్యాలతో వాయించగా ఒక చిన్న మందిరంలో విన్నాను. ధ్వని సన్నగా, శ్రుతి కొంచెం తక్కువగా అనిపించింది. పైగా రచనకూ రచనకూ మధ్య తంత్రులు సవరించుకోవడానికే చాలా సమయం పట్టింది. మెరుగైన వాద్యాలు వచ్చాక కూడా ఈ శ్రమ అవసరమా? క్వార్టెట్‌కు అయిదుగురు ఎందుకు?

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. నేటి వాద్యబృందాలు సాధారణంగా శ్రుతికి ఆధారమైన 'ఎ' స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు కలుపుకుంటే, ఇటువంటి బృందాలు ఎక్కువగా 415కు, అంటే దాదాపు అర్ధస్వరం కిందికి, కలుపుకుంటాయి. ఈ 415 కూడా నేటివారు సౌకర్యం కోసం చేసుకున్న ఒప్పందమే. ఆ రోజుల్లో ఊరికొక శ్రుతి ఉండేది, 1752 నాటి తన ఫ్లూట్ వాదన గ్రంథంలో జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు క్వాంట్స్ ఈ తేడాలను ప్రస్తావించాడు కూడా. ఇక తంత్రులు జంతువుల పేగుతో చేసినవి కనుక, జనం నిండిన మందిరంలోని తేమకూ వేడికీ ఇట్టే శ్రుతి తప్పుతాయి.

'మెరుగైన' అన్న మాట దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. కచేరీ మందిరాలు పెద్దవవుతున్న కొద్దీ ధ్వని దూరానికి వినిపించాలని వయొలిన్ మెడను మార్చి, వెనక్కి వంచి, తంత్రుల బిగువు పెంచారు. ప్రఖ్యాత ఇటలీ వాద్యనిర్మాత స్ట్రాడివరి చేసిన వయొలిన్లు సైతం దాదాపు అన్నీ ఈ మార్పుకు లోనైనవే. అంతకంటే పెద్ద మార్పు కమానుది. 18వ శతాబ్ది చివర పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ తీర్చిదిద్దిన కమాను పుల్ల లోపలికి వంగి, స్వరాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే బలంతో సాగదీయడానికి అనువుగా ఉంటుంది. అంతకు ముందటి కమాను నిటారుగానో, కొద్దిగా బయటికి వంగో ఉండేది, కొస తేలిక. దానితో లాగిన స్వరం మొదట స్ఫుటంగా పలికి తనంత తానే సన్నగిల్లుతుంది, కిందికి లాగితే బరువుగానూ పైకి తోస్తే తేలికగానూ వస్తుంది. ఆ కాలపు నృత్యగతులు నడిచేది సరిగ్గా ఈ బరువూ తేలికల మీదే. నేటి కమానుతో అది సాధ్యం కాదని కాదు. కాని దానితో ప్రయత్నించి సాధించవలసినదాన్ని పాత కమాను చేయి పట్టుకుని నేర్పుతుంది.

మీరు విన్న రచనలే చక్కని నిదర్శనం. 1738లో పారిస్‌లో అచ్చయిన ఆరు క్వార్టెట్లలో (వాటి చందాదారుల జాబితాలో లైప్సిగ్ నగరంలోని స్వరకర్త బాఖ్ పేరు కూడా ఉంది) ఫ్లూట్, వయొలిన్, వియోలా ద గాంబా (మోకాళ్ల మధ్య నిలిపి కమానుతో వాయించే తంత్రీవాద్యం) సమాన హోదాతో సంభాషించుకుంటాయి. ఒకే మీట గల చెక్క ఫ్లూట్, పేగు తంత్రుల వయొలిన్, మెట్లు గల గాంబా ఒకదాన్నొకటి మింగేయవు. నాలుగో భాగం బేస్, అంటే అన్నిటికంటే కింది వరుస: దాన్ని చెల్లో వాయిస్తుంది, హార్ప్సికార్డ్ (తంత్రులను మీటే పాత కీబోర్డు వాద్యం) కళాకారుడికి ఆ బేస్ వరుసతో పాటు అంకెలు మాత్రమే రాసి ఉంటాయి, స్వరసమూహాలను అతడు అప్పటికప్పుడు కూర్చుకోవాలి. అందుకే అయిదుగురు.

అయితే నాడు వినిపించినది అచ్చంగా ఇదేనని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ వాద్యాలలో చాలావరకు పాతవాటిని చూసి నేడు చేసిన నమూనాలు. పాత వాద్యాలతో వాయించడానికి 1953లో వియన్నాలో కొన్‌చెంటుస్ మూజికుస్ బృందాన్ని నెలకొల్పిన హార్నన్‌కూర్ కూడా ఆ సంగీతాన్ని నేటి శ్రోత కోసమే వాయించాడు.

మళ్లీ అవకాశం వస్తే ముందు వరుసలో కూర్చోండి. చెవి ఆ తక్కువ ధ్వనికి అలవాటుపడేవరకు ఓపిక పట్టి, ఫ్లూట్ వదిలిన పదాన్ని గాంబా ఎక్కడ అందుకుంటుందో వినండి.