టెక్ సందేహాలు: సర్వర్ గడియారాన్ని చేత్తో తిప్పకండి

ప్రశ్న: మాది చిన్న అకౌంటింగ్ ఆఫీసు. ఒక ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) సర్వర్ ఉంది. రోజుకి దాదాపు రెండు సెకన్లు వెనకబడుతోంది. వారానికోసారి 'డేట్' కమాండ్‌తో సరిచేసేవాళ్లం. నెలరోజులుగా మరిచిపోయాం. ఇప్పుడు నిమిషం తేడా వచ్చి, లాగిన్‌కి వాడే ఆథెంటికేటర్ యాప్ కోడ్లు కొట్టినా తప్పంటోంది. మదర్‌బోర్డులో కొత్త బ్యాటరీ వేసినా మార్పు లేదు. బోర్డు మార్చాలా? (ఒక పాఠకుడు, గుంటూరు)

బోర్డు జోలికి వెళ్లకండి. రోజుకి రెండు సెకన్లంటే పది లక్షల సెకన్లకు 23 సెకన్ల తేడా. కంప్యూటర్లలో టైము లెక్కపెట్టే మామూలు క్వార్ట్జ్ స్ఫటికానికి అది సహజమే. ఏసీ నడుస్తుంటే ఒకలా, ఆపేస్తే ఇంకోలా కొట్టుకుంటుంది. బ్యాటరీ పని వేరు. కరెంటు లేనప్పుడు బోర్డు మీది చిన్న గడియారం ఆగకుండా చూడటమే దాని ఉద్యోగం. సర్వర్ ఆన్ అయ్యేటప్పుడు లైనక్స్ ఆ టైమును ఒక్కసారి చదువుకుంటుంది. ఆ తర్వాత దాని లెక్క దానిదే. అందుకే బ్యాటరీ మార్చినా ఫలితం కనబడలేదు.

ఆథెంటికేటర్ కోడ్ సాధారణంగా 30 సెకన్లకోసారి మారుతుంది. దీనికోసం ఫోన్, సర్వర్ ఒకదాన్నొకటి పలకరించుకోవు. రెండింటికీ తెలిసిన రహస్య కీనీ, అప్పటి టైమునీ కలిపి ఎవరి కోడ్ వాళ్లే లెక్కగట్టుకుంటాయి. ఒక కోడ్ అటూ ఇటూ అయితే చాలా సర్వర్లు సర్దుకుపోతాయి. మీది రెండు కోడ్లు వెనకుంది.

నన్ను కంగారు పెట్టింది మాత్రం మీరు 'డేట్'తో సరిచేయడం. మీది వెనకబడే సర్వర్ కాబట్టి ముందుకు జరుపుతున్నారు, అదొక అదృష్టం. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక ఆఫీసులో సర్వర్ ఏడు నిమిషాలు ముందుంది. దాని గడియారంలో అర్ధరాత్రి దాటి అయిదు నిమిషాలైనప్పుడు చూసుకుని, మహా తెలివిగా వెనక్కి తిప్పాను. పన్నెండింటికి నడవాల్సిన బిల్లుల ప్రోగ్రాం అప్పటికే నడిచిపోయింది. గడియారం 11:58కి వెళ్లింది. రెండు నిమిషాల్లో మళ్లీ పన్నెండయింది. మేం సొంతంగా రాసుకున్న షెడ్యూలర్‌కి ఈ సంగతి ఏం తెలుసు? తెల్లారేసరికి కస్టమర్లందరికీ రెండేసి బిల్లులు. ఆ రోజు ఫోన్లు ఎత్తే డ్యూటీ నాకే వేశారు, న్యాయంగానే.

దీనికి మందు ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్. డేవిడ్ మిల్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త తయారుచేసిన ఈ పద్ధతి తొలి పత్రం 1985లో వచ్చింది. "నెట్‌లో టైము వచ్చేసరికే ఆలస్యమవుతుంది కదా, అది సరైన టైమెలా అవుతుంది?" అని చాలామంది అడుగుతుంటారు. చిక్కంతా అక్కడే ఉంది, తెలివీ అక్కడే ఉంది. మీ సర్వర్ తన గడియారంలో సరిగ్గా 10:00:00 అయినప్పుడు అడిగిందనుకోండి. టైమ్ సర్వర్ తన గడియారం ప్రకారం 10:00:03.020కి ఆ ప్రశ్న అందుకుని, 10:00:03.021కి జవాబు పంపింది. మీ దగ్గరికి అది మీ టైము 10:00:00.041కి చేరింది. పోయి రావడానికి మొత్తం 41 మిల్లీసెకన్లు, అందులో అక్కడ ఆగింది ఒకటి. దారికి పట్టింది 40. పోయేటప్పుడు తేడా 3.020 సెకన్లు, వచ్చేటప్పుడు 2.980. సగటు 3 సెకన్లు. మీ గడియారం అంత వెనకుందన్నమాట. రానూపోనూ సమానంగా పట్టిందన్న నమ్మకం మీదే ఈ లెక్క నిలబడుతుంది. ఒకవైపు ట్రాఫిక్ ఎక్కువైతే కొంత తప్పుతుంది. అయినా ఆ తప్పు దారిలో గడిచిన కాలంలో సగానికి మించదు.

ఇక చేయాల్సింది. కమాండ్లను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిషులోనే. ఎన్‌టీపీతో గడియారాన్ని సరిచేసే ప్రోగ్రాంలు రెండున్నాయి. చాలా ఉబుంటు వెర్షన్లలో ముందే ఉండే 'టైమ్‌సింక్‌డీ' ఒకసారికి ఒక్క సర్వర్‌నే నమ్ముతుంది. డెస్క్‌టాప్‌కి చాలు. సర్వర్‌కి మాత్రం నేను రెండోదైన 'క్రోనీ'నే ఇన్‌స్టాల్ చేయమంటాను. రెండూ కలిపి నడపకండి, ఒకే గడియారాన్ని ఇద్దరు సవరిస్తే ఎవరి పనీ తేలదు.

క్రోనీకి నాలుగు టైమ్ సర్వర్లు ఇవ్వండి. రెండే ఇస్తే, అవి చెరో మాట చెప్పినప్పుడు ఎవరిది నిజమో తేల్చే మూడో మనిషి ఉండడు. మూడుంటే తీర్పు కుదురుతుంది. నాలుగోది, ఎవరో ఒకరు పంచాయతీకి రాని రోజు కోసం. మన దేశంలో ఏవి ఇవ్వాలన్నది మీ ఇష్టానికి పూర్తిగా వదల్లేదు కూడా. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ టైమ్ సర్వర్లతో గానీ, వాటితో ముడిపడిన సర్వర్లతో గానీ కలపాలి. ఎన్‌ఐసీవి 'సమయ్1', 'సమయ్2' అన్న పేర్లతో ఉన్నాయి.

క్రోనీ సెట్టింగ్స్ ఫైల్‌లో 'మేక్‌స్టెప్ 1 3' అన్న లైను ఉందో లేదో చూడండి. మొదలైన తర్వాత తొలి మూడు సవరణల్లో మాత్రమే, అదీ తేడా సెకనుకు మించితేనే, గడియారాన్ని ఒక్క ఊపున జరపమని దానర్థం. ఆ తర్వాత వచ్చే తేడాలను గడియారం వేగం కొంచెం పెంచో తగ్గించో మెల్లగా సర్దుతుంది. ఏ సెకనూ రెండుసార్లు రాదు, ఏ సెకనూ మాయం కాదు. నా బిల్లుల కథ మళ్లీ జరగదు.

చివరగా 'క్రోనీసీ సోర్సెస్' కొట్టండి. నక్షత్రం గుర్తున్న సర్వర్‌నే ఎంచుకుందని అర్థం. 'రీచ్' కింద 377 కనిపిస్తే చివరి ఎనిమిది ప్రయత్నాలూ ఫలించాయి. అది ఎనిమిది ఆధారంగా రాసే అష్టాంశ సంఖ్య, మూడువందల డెబ్భై ఏడు సార్లని సంబరపడకండి. అక్కడ సున్నాయే ఉంటే ఎన్‌టీపీ వాడే యూడీపీ 123 పోర్టును మీ ఫైర్‌వాల్ అడ్డుకుంటోందేమో చూడండి.

ప్రశ్న: మా సర్వర్ డాలస్‌లో, టీం హైదరాబాద్‌లో. సర్వర్‌లో ఏ టైమ్ జోన్ పెట్టాలి? (ఒక పాఠకురాలు, టెక్సస్)

యూటీసీ. అంటే ప్రపంచమంతా ప్రామాణికంగా వాడే ఉమ్మడి టైము. ఇందులో రెండో మాట లేదు. ఎన్‌టీపీ మోసుకొచ్చేది యూటీసీనే, టైమ్ జోన్ అనేది చూపించేటప్పుడు వేసే చొక్కా మాత్రమే. డాలస్ టైము పెట్టుకుంటే నవంబరులో గడియారాలు వెనక్కి జరిపే రాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా రెండుసార్లు వస్తుంది. ఆ గంటలో ఏదైనా చెడితే లాగ్స్ (సర్వర్ రాసుకునే చిట్టా) చూసి ఏది ముందో చెప్పడం మీ వల్ల కాదు. మనకా బాధ లేదు. అరుణాచల్ నుంచి గుజరాత్ దాకా ఒకటే టైము, యూటీసీకి అయిదున్నర గంటలు ముందు. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకూ తునికీ మధ్యనుంచే సముద్రంలోకి దిగుతుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌లోని వర్చువల్ మెషీన్ పొద్దున తెరిస్తే నిన్న రాత్రి టైమే చూపిస్తోంది. (ఒక విద్యార్థి, వరంగల్)

వర్చువల్ మెషీన్ అంటే ల్యాప్‌టాప్ లోపల ప్రోగ్రాంగా నడిచే ఇంకో కంప్యూటర్. ల్యాప్‌టాప్‌ని నిద్రపుచ్చితే దాని గడియారమూ నిద్రపోతుంది. లేచాక తేడా గంటల్లో ఉంటుంది. మెల్లగా సర్దుకుంటూ కూర్చుంటే చాలాసేపు పడుతుంది, కనుక మీకు దూకుడే మేలు. 'మేక్‌స్టెప్' లైనులో 3 బదులు -1 పెట్టండి, ఎప్పుడైనా జరుపుతుంది. పైన అకౌంటింగ్ ఆఫీసు వాళ్లు మాత్రం దీన్ని చదవలేదనుకోవాలి.

ప్రశ్న: మా ల్యాబ్‌కి బయటి ఇంటర్నెట్ ఇవ్వరు. ముప్పై మెషీన్లు ఒకే టైము చూపాలి. (ఒక లెక్చరర్, అనంతపురం)

జీపీఎస్ ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలున్నాయి, వాటి సంకేతం అందరికీ ఉచితం. సెకనుకో పల్స్ ఇచ్చే పిన్ను ఉన్న జీపీఎస్ మాడ్యూల్ కొని 'రాస్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్‌కి కలపండి, అందులో క్రోనీ నడపండి, మిగతా మెషీన్లన్నీ దాన్నే అడుగుతాయి. ఆ పల్స్ లేని యూఎస్‌బీ జీపీఎస్‌లు చవక, కానీ వాటి టైము కుదురుగా ఉండదు. యాంటెనా తీగ పొడవు కొలుచుకుని కొనండి. ల్యాబ్ మధ్యలో స్లాబు కింద ఉపగ్రహాలు దొరకవు, కిటికీ దాకా రావాలి.