టెక్ సందేహాలు: ఎస్‌డీఆర్‌కు ఏ శాంపిలింగ్ రేటు పెట్టాలి?

ఎస్‌డీఆర్ డాంగిల్ (రేడియో సిగ్నల్‌ను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు ఇచ్చే చిన్న యూఎస్‌బీ పరికరం, మిగతా పని సాఫ్ట్‌వేర్‌దే) మీద కొన్నాళ్లుగా సందేహాలు పేరుకుపోయాయి. అన్నీ శాంపిలింగ్ రేటు (సిగ్నల్‌ను సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్నది) చుట్టూ తిరిగేవే కాబట్టి ఈసారి వాటికే చోటు. ఒక్కో పాఠకుడి ప్రశ్న, వెంటే నా జవాబు.

తిరుపతిలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్‌తో జీఎన్‌యూ రేడియో సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్ఎం రిసీవర్ చేస్తున్నా. సౌండ్‌కార్డు 48 కిలోహెర్ట్జ్ కదా అని దానికి పదింతలు, 4,80,000 ఇస్తే ఎర్రర్ వచ్చింది. 3.2 మెగా (సెకనుకు 32 లక్షల శాంపిళ్లు) పెడితే పాట ముక్కలుముక్కలుగా వస్తోంది. ఎంత పెట్టాలి?

9,60,000 పెట్టండి.

డాంగిల్‌లో ఉన్న ఆర్‌టీఎల్2832యూ చిప్ అడిగిన రేటల్లా ఇవ్వదు. 2,25,001 నుంచి 3,00,000 దాకా ఇస్తుంది, మళ్లీ 9,00,001 నుంచి 32,00,000 దాకా ఇస్తుంది. నడుమ ఏమీ లేదు. మీ 4,80,000 పోయి పోయి ఆ ఖాళీలోనే పడింది. మీ ఆలోచనలో తప్పేమీ లేదు.

3.2 సంగతి వేరు. ఒక్కో శాంపిల్‌కు ఐ, క్యూ అని రెండు విలువలు (ఒకే సిగ్నల్‌ను పావు చక్రం తేడాతో కొలిచినవి), ఒక్కోటి ఒక బైటు. అంటే సెకనుకు 64 లక్షల బైట్లు. యూఎస్‌బీ 2.0కు అదొక లెక్క కాదనిపిస్తుంది. కానీ ఈ చిప్ నమ్మకంగా పనిచేసేది 2.4 మెగా వరకే. 2.56 దాకా చాలా కంప్యూటర్లలో నెట్టుకొస్తుంది, ఆపైన శాంపిళ్లు జారిపోతుంటాయి. జారిన చోటల్లా పాట తెగుతుంది. డాంగిల్ డ్రైవర్‌తో పాటు వచ్చే ఆర్‌టీఎల్ టెస్ట్ ప్రోగ్రామ్‌ను అదే రేటుతో కాసేపు నడపండి, ఎన్ని బైట్లు పోయాయో చెబుతుంది. జీఎన్‌యూ రేడియో టెర్మినల్‌లో ఇంగ్లిష్ ‘ఓ’లు వరసగా పడుతుంటే కంప్యూటర్ అందుకోలేకపోతోందని. ‘ఏయూ’ అని పడుతుంటే సౌండ్‌కార్డుకు శాంపిళ్లు చాలడం లేదని. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఈ రెండోదానికి ఎక్కువసార్లు కారణం డెసిమేషన్ (రేటును పూర్ణసంఖ్యతో భాగించి తగ్గించడం) లెక్క కుదరకపోవడమే.

9,60,000 చెప్పింది ఆ లెక్క కోసమే. 4తో భాగిస్తే 2,40,000. సిగ్నల్ నుంచి పాటను విడదీసే మామూలు (మోనో) ఎఫ్ఎం డీమాడ్యులేటర్‌కు అది చాలు. దాన్ని 5తో భాగిస్తే 48,000, నేరుగా సౌండ్‌కార్డుకే. 24,00,000 తీసుకున్నా 10, 5 అంటూ శేషం లేకుండా దిగుతుంది. అందరూ వాడే 2.048 మెగాను 48,000తో భాగిస్తే మాత్రం 42.67 దగ్గర చిక్కుకుంటుంది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఈ బెంగ అక్కర్లేదు, రేటు మార్చే రీశాంప్లర్ లోపలే ఉంటుంది. ఫ్లోగ్రాఫ్ (జీఎన్‌యూ రేడియోలో బ్లాకులు కలిపి గీసే చిత్రం) సొంతంగా గీసేవాళ్లకే ఈ తలనొప్పి.

మరి 2,50,000తోనే సరిపెట్టుకోకూడదా? మోనో వింటే సరిపెట్టుకోవచ్చు. స్టీరియో ఎఫ్ఎంలో డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ అటూఇటూ ఊగే దూరం) 75, మాడ్యులేషన్‌లో అత్యధిక ఫ్రీక్వెన్సీ 53 కిలోహెర్ట్జ్. సిగ్నల్ ఆక్రమించే వెడల్పు (బ్యాండ్‌విడ్త్) చెప్పే కార్సన్ సూత్రం ప్రకారం రెండూ కలిపి రెట్టింపు చేస్తే 256, అంటే 250 చాలదు. పైగా ఏ రేటు పెట్టినా ఫిల్టర్ల వాలు వల్ల రెండు అంచుల్లో పదేసి శాతం పనికిరాదు, నడుమ ఉన్న 80 శాతమే మనది.

ఇంకో మాట. నైక్విస్ట్ అనగానే శాంపిలింగ్ రేటులో సగమే బ్యాండ్‌విడ్త్ అని పరీక్షల్లో రాస్తారు. ఐ, క్యూ రెండూ ఉన్నప్పుడు రేటు ఎంతో బ్యాండ్‌విడ్త్ కూడా అంతే. వైవాలో అడుగుతారు, గుర్తుపెట్టుకోండి.

రేటు పెంచితే స్పష్టత పెరుగుతుందని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?

శాంపిలింగ్ రేటు కిటికీ వెడల్పు లాంటిది, అద్దం శుభ్రతతో దానికి సంబంధం లేదు. 2.4 మెగా పెడితే పక్కపక్కనున్న స్టేషన్లు ఎక్కువ కనిపిస్తాయి, మీరు వినే స్టేషన్ మారదు. ఆ వీడియోలో కాస్త నిజమూ ఉంది. వెడల్పుగా తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో కుదిస్తే క్వాంటైజేషన్ రొద (కొలతను దగ్గరి అంకెకు సవరించడం వల్ల వచ్చేది) తగ్గుతుంది. అయితే 0.96 నుంచి 2.4కు వెళితే దక్కేది ఆదర్శ స్థితిలోనే 4 డెసిబెల్స్. ఈ చిప్ ఎలాగూ లోపల 28.8 మెగాహెర్ట్జ్‌తో శాంపిల్ చేసి, కుదించాకే మనకిస్తోంది. ఊళ్లోని ఎఫ్ఎంకు ఆ 4 డెసిబెల్స్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. బలహీనమైన సిగ్నల్ వెతుకుతుంటే ప్రయత్నించండి. గెయిన్‌ను (సిగ్నల్‌ను పెంచే మోతాదును) ఆటోలో వదిలేసి రేటుతో కుస్తీ పట్టడం మాత్రం వృథా. 8 బిట్ల డాంగిల్‌కు సరైన గెయిన్ పెడితే వచ్చే తేడా ఇంతకన్నా చాలా ఎక్కువ.

చిత్తూరులో ఉంటాను, రిటైర్డ్ టీచర్‌ని. ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ వీ3 డాంగిల్‌తో కడప ఆకాశవాణి, 900 కిలోహెర్ట్జ్, పట్టాలనుంది. మీడియం వేవ్ మొత్తం ఒకే తెరపై చూడాలంటే రేటు ఎంత ఉండాలి మాస్టారూ?

మాస్టారు మీరే కదండీ! మన దేశంలో మీడియం వేవ్ 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా, 9 కిలోహెర్ట్జ్‌కు ఒక మెట్టు చొప్పున ఉంటుంది. మొత్తం 1,071 కిలోహెర్ట్జ్. అంచులు వదిలేసుకోవాలి కాబట్టి 1.4 గానీ 1.536 గానీ, మీ మెనూలో ఏది ఉంటే అది పెట్టి, నడిమధ్య 1,067 దగ్గర ఉంచండి. చెన్నై 720 కూడా అదే తెర మీదకొస్తుంది.

వీ3లో డైరెక్ట్ శాంపిలింగ్ (ట్యూనర్‌ను దాటేసి యాంటెనా సిగ్నల్‌ను నేరుగా చిప్‌కే ఇవ్వడం) ఆన్ చేస్తేనే ఇది కుదురుతుంది. అందులో ఒక ఇబ్బంది ఉంది. అక్కడ అసలు గడియారం 28.8 మెగాహెర్ట్జ్, దాని సగం 14.4. అంతకు పైనున్నవి మడతపడి కిందికి వస్తాయి. 15.3 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్ స్టేషన్ 13.5 దగ్గర తేలుతుంది. మెనూలో రేటు ఎంత మార్చినా ఈ దయ్యం పోదు, యాంటెనాకూ డాంగిల్‌కూ మధ్య పై ఫ్రీక్వెన్సీలను ఆపే లో పాస్ ఫిల్టర్ పెట్టాల్సిందే. ఇంట్లో చవక ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ ఆపి వినండి. రొదలో పెద్ద వాటా వాటిదే.

రేణిగుంట విమానాలను మ్యాప్‌పై చూడాలి. 3.2 పెట్టనా?

వద్దు. విమానాలు 1090 మెగాహెర్ట్జ్‌లో పంపే సందేశంలో ఒక్కో బిట్‌కు ఒక మైక్రోసెకను, పల్స్ అందులో సగమే. అందుకే ఆ సందేశాలను చదివే డంప్1090 ప్రోగ్రామ్ మొదట్లో సరిగ్గా 2 మెగా తీసుకునేది, అర మైక్రోసెకనుకు ఒక శాంపిల్. తర్వాతి వెర్షన్లు 2.4 వాడతాయి, కాస్త ఎక్కువ సందేశాలు పడతాయి. ప్రోగ్రామే రేటు పెట్టుకుంటుంది, మీరు ముట్టుకోకండి. శేషాచలం కొండల వెనక నుంచి వచ్చే విమానాలు ఆలస్యంగా కనిపిస్తే రేటును తప్పుపట్టకండి, యాంటెనాను మిద్దె మీదికి ఎక్కించండి.

హ్యాక్ఆర్ఎఫ్ అనే ఎస్‌డీఆర్ కొంటే 20 మెగా వస్తుందట. ఎఫ్ఎం బ్యాండ్ అంతా ఒకేసారి రికార్డు చేయొచ్చా?

88 నుంచి 108, సరిగ్గా 20 మెగాహెర్ట్జ్. కాగితం మీద సరిపోతుంది, అంచుల్లో మాత్రం కోత పడుతుంది. డేటా సెకనుకు 40 మెగాబైట్లు, అంటే గంటకు 144 గిగాబైట్లు. ఎఫ్ఎం పాటల కోసం అంత డిస్కు నింపడం నాకైతే దండగ. అది కూడా 8 బిట్ల పరికరమే. ప్రసారం కూడా చేయగలదు కాబట్టి హ్యామ్ లైసెన్సు లేకుండా ఆ వైపు వెళ్లకండి. కొంటే మాత్రం తక్కువ రేటు చాలన్న పై సలహాను తిరగేయాలి. అందులో సిగ్నల్‌ను అంకెలుగా మార్చే కన్వర్టర్ 8 మెగా కంటే తక్కువకు తయారైంది కాదు. రేటును 8 గానీ ఆపైన గానీ ఉంచి, కుదించే పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి.