గ్రాఫిక్స్ ల్యాబ్‌ను నల్ల స్క్రీన్‌తో మొదలుపెట్టకండి

మీ విద్యార్థులు పరీక్షలో, పిక్సెళ్లతో గీత గీసే బ్రెసెన్‌హామ్ అల్గారిదం పొల్లు పోకుండా రాస్తున్నారు, ల్యాబ్‌లో ఒక ఘనాన్ని తిప్పి చూపమంటే మాత్రం చేతులెత్తేస్తున్నారు, ఏం చేయాలి అన్నారు కదా. ఈ ల్యాబ్ కొన్నేళ్లు నడిపాను. మొదటి వారమే ఓపెన్‌జీఎల్ (గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మలు గీయించే సాధనం) చేతిలో పెట్టడం నేను చేసిన తప్పు. ఒక్క త్రిభుజం కనబడాలన్నా బఫర్లు (బిందువుల డేటా ఉంచే చోట్లు), షేడర్లు (స్థానం, రంగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) అన్నీ కుదరాలి. ఏది తప్పినా చాలాసార్లు వచ్చేది నల్ల స్క్రీనే, ఎర్రర్ మెసేజ్ కూడా ఉండదు. పిల్లలేమో తమకు లెక్కలు రావనుకుని టెన్షన్ పడేవాళ్లు.

తర్వాత రే ట్రేసర్‌తో, అంటే కిరణాల దారి లెక్కగట్టి బొమ్మ గీసే ప్రోగ్రాంతో, మొదలుపెట్టించాను. లైబ్రరీలు అక్కర్లేదు. పీపీఎం అనే బొమ్మ ఫైల్‌ను ఉత్త టెక్స్ట్‌గానే రాయొచ్చు: పైన పీ3 అనే గుర్తు, వెడల్పు, ఎత్తు, 255 (రంగు గరిష్ఠ విలువ), ఆపైన ఒక్కో పిక్సెల్‌కు మూడు సంఖ్యలు. కంటి నుంచి పిక్సెల్ గుండా కిరణాన్ని పంపి, గోళానికి తగిలిందో లేదో చూడటమంటే స్కూల్లో చేసిన వర్గ సమీకరణమే. విచక్షణి (b² − 4ac) రుణాత్మకమైతే తగల్లేదన్నమాట. పైథాన్‌లో నెమ్మదిగా నడుస్తుంది, నిజమే. 200 × 100 బొమ్మతో సరిపెట్టుకోమనండి.

నీడలు వేసే రోజు నాకు భలే ఇష్టం. గోళమంతా నల్లటి మచ్చలొస్తాయి. కిరణం తగిలిన బిందువు ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశాలను కుదించి చేసే) లెక్కలో వెంట్రుకవాసి లోపలికి జారుతుంది, అక్కణ్ణుంచి దీపం వైపు పంపిన కిరణం మళ్లీ అదే గోళానికి తగులుతుంది. మొదలు బిందువును 0.001 బయటికి జరిపితే మచ్చలు పోతాయి. ఈ కిటుకు ముందే చెప్పేసిన ఏడాది ఎవరికీ గుర్తులేదు. చెప్పడం మానేశాక, ఒకమ్మాయి రెండు రోజులు తంటాలుపడి తనే కనిపెట్టి, పక్క బ్యాచ్‌కు పాఠం చెప్పింది.

ఇంకొకటి, నార్మల్‌నే (ఉపరితలానికి లంబంగా ఉండే దిశను) రంగుగా వేయించండి. ఎక్స్, వై, జడ్ విలువలను 0 నుంచి 1 మధ్యకు తెచ్చి ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా వాడటమే. నార్మల్ తిరగబడితే కంటికే తెలిసిపోతుంది.

బ్రెసెన్‌హామ్‌ను సిలబస్‌లోంచి తీసేయనక్కర్లేదు. 1962లో ఐబీఎంలో ప్లాటర్‌తో (పెన్నుతో కాగితం మీద గీసే యంత్రం) గీత గీయించడానికి పుట్టిందది, భిన్నాల జోలికి పోకుండా పూర్ణాంకాలతోనే పని కానిస్తుంది. ఈ సంగతి ముందు చెప్పి సూత్రం తర్వాత రాయించండి.

ఓపెన్‌జీఎల్ మేం ఆరో వారంలో తెరుస్తాం. అప్పుడూ నల్ల స్క్రీన్ వస్తుంది, కానీ ఈసారి ముందు కెమెరా ఎటు చూస్తోందో వెతుకుతారు.