స్టీరింగ్ డాంపర్ కొనే ముందు కోన్‌సెట్ చూపించుకోండి

ఎక్స్‌పల్స్ 200 మీద సెలవుల్లో మట్టిదారులు తిరుగుతుంటానని, రాళ్ల మీద హ్యాండిల్ కొట్టుకుంటోందని, స్టీరింగ్ డాంపర్, అంటే హ్యాండిల్ విసురును మెత్తబరిచే పరికరం, పెట్టిస్తే డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుందా అని అడిగారు. డాంపర్ మంచి వస్తువే. కానీ కొనేవాళ్లలో నూటికి తొంభై మందికి అక్కర్లేదు. ఈ లెక్క ఎక్కడిదంటే, మా గుంపులో బళ్లు చూసి చెప్తున్నా.

మా బావమరిదిది పాత హిమాలయన్, 411 సీసీది. హ్యాండిల్ ఊగుతోందని, అమెరికా నుంచి వస్తున్న స్నేహితుడి చేత రోటరీ డాంపర్ తెప్పించుకున్నాడు. అక్కడే ఐదారు వందల డాలర్లు. అది బిగించిన వారానికే ఇద్దరం తాడిపత్రి వైపు వెళ్లి పెన్నలో దిగాం. మా వైపు పెన్న అంటే ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే కదా. వాడు డాంపర్ మీది మరను చివరిదాకా బిగించి, "ఇప్పుడు చూడు బావా, హ్యాండిల్ అటూ ఇటూ కదిలితే ఒట్టు" అన్నాడు.

నిజంగానే కదల్లేదు. ఫస్ట్ గేర్లో మెల్లగా పోతుంటే ముందు చక్రం ఎడమకు దిగబడింది. మామూలుగా అయితే చెయ్యి దానంతటదే హ్యాండిల్‌ని టక్కున అటు తిప్పి బండిని నిలబెడుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు మనల్ని పడకుండా ఆపేవి ఆ చిన్న చిన్న కుదుపులే. మర అంత బిగించి ఉంటే హ్యాండిల్ తిరగడం ఆలస్యమవుతుంది. వాడు తిప్పేలోపే 200 కిలోల బండి పక్కకు ఒరిగిపోయింది. ఎండలో దాన్ని లేపుదామంటే మా కాళ్లే ఇసుకలోకి దిగిపోతున్నాయి. గొర్రెలు తోలుకొస్తున్న పెద్దాయన వచ్చి వెనక క్యారియర్ పట్టి లేపి, "ఇంత బరువు బండి ఏట్లోకి ఎందుకు తెచ్చినారు నాయనా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు.

మరి అది పనికిరానిదా అంటే, కాదు. అదే రోజు సాయంత్రం తిరిగొస్తూ మర సగానికి పైగా వదులు చేయించాను. రాళ్ల దారిలో వాడు ముందు, నేను వెనక. యాభై, అరవై మీద పోతున్నాడు. మట్టిలో సగం పూడిన రాయి ఒకటి ముందు చక్రానికి పక్కగా తగిలింది. చక్రం కుడివైపుకి విసురుకోవడం మొదలెట్టి, సగంలోనే మెత్తబడి మళ్లీ నేరుగా వచ్చేసింది. అలాంటి దెబ్బకు మామూలు బండి మీద హ్యాండిల్ చేతుల్లోంచి ఊడిపోవడం నేను చూశాను. లోపల జరిగేదేమిటంటే, నూనె సన్నటి దారి గుండా పోవాలి. ఆఫీసు తలుపుకుండే డోర్ క్లోజర్ లాంటిదే, మెల్లగా తోస్తే తెరుచుకుంటుంది, విసురుగా తోస్తే ఎదురు తిరుగుతుంది. పాత జావాలకు, బుల్లెట్లకు హ్యాండిల్ నడుమ ఒక మర ఉండేది, గుర్తుందా? అదీ డాంపరే. కాకపోతే రాపిడితో పనిచేసేది కాబట్టి మెల్లగా తిప్పినా, గట్టిగా తిప్పినా ఒకటే బిగువు. నూనెది నయం అనేది అందుకే.

అసలు సంగతి మర్నాడు షెడ్డులో బయటపడింది. మెకానిక్ డాంపర్ లింకు విప్పేసి, ముందు చక్రం పైకి లేపి, హ్యాండిల్‌ని ఒక్క వేలితో తిప్పాడు. సరిగ్గా నడుమకు వచ్చేసరికి టక్కున ఆగింది. కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగులు, గుంట పడిపోయింది. ఎక్కువ సేపు నేరుగా పోతూ గుంతల్లో దెబ్బలు తింటే బాల్స్ ఒక్కచోటే నొక్కుకుపోయి అలా అవుతుంది. "సార్, కొన్ని వేలల్లో పోయేదానికి అమెరికా దాకా పోయినారా?" అన్నాడు. కోన్‌సెట్ మార్చాక ఊగడం పోయింది, డాంపర్ తీసేసి నడిపినా సరే. ఈ వస్తువు మీద నాకున్న పెద్ద కోపం ఇదే. జబ్బును నయం చెయ్యదు, కనపడకుండా చేస్తుంది. అంతకు ముందు సర్వీసుకు ఇచ్చినచోట బిల్లు మీద "హ్యాండిల్ చెక్డ్" అని టిక్ పెట్టి ఇచ్చారు, అది వేరే కథ.

డాకర్ ఎడారి ర్యాలీలో అందరూ పెట్టుకుంటారు కదా అని యూట్యూబ్‌లో ఒకాయన చెప్తుంటాడు. 2015లో డాకర్ పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ గానీ, 2024లో ర్యాలీ 2 విభాగం గెలిచిన హరిత్ నోవా గానీ నడిపే బళ్లు వేరు, వేగం వేరు. ఎడారిలో వంద దాటిన వేగంతో రోజుకు కొన్ని వందల కిలోమీటర్లు పోయేవాళ్లకు మణికట్లు మిగలాలంటే అది ఉండాల్సిందే. మన ఎక్స్‌పల్స్ దాదాపు 19 బీహెచ్‌పీది. మీరు రాళ్ల మీద పోయే వేగం ముప్పై, నలభై ఉంటుందేమో.

ఇంకో గుంపు ఉంది. వెనక టాప్ బాక్సు, రెండు పక్కలా సంచులు, పైన టెంటు, ఆ పైన పెట్రోలు డబ్బా. బరువంతా వెనక చక్రం మీదకు పోయి ముందు భాగం తేలికైపోతే హ్యాండిల్ ఊగక ఏం చేస్తుంది? మట్టిలో టైరు గాలి తగ్గిస్తారు, తారు రోడ్డెక్కాక మళ్లీ కొట్టించుకోరు. స్పోకులు వదులైనా పట్టించుకోరు. పైగా సీటు మీద కూర్చుని హ్యాండిల్‌ని ఉడుంపట్టు పట్టుకుంటారు. నిలబడి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, చేతులు వదులుగా పెడితే సగం కొట్టుకోవడం అక్కడే తగ్గుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి ఎవరూ వీడియో చెయ్యరు.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా రాళ్లలో వేగంగా పోయే అలవాటు మీకుంటే కొనండి, నేను వద్దనను. మర వదులు నుంచి మొదలెట్టి కొద్దికొద్దిగా బిగించుకుంటూ పొండి. ఒక్క సంగతి మాత్రం ముందే కనుక్కోండి. రోటరీ డాంపర్‌కు ఉండే లింకు తగిలించడానికి ఫ్రేము మీద ఒక పిన్ను కావాలి. కొన్ని బళ్లకు బోల్టుతో బిగించే కిట్ దొరుకుతుంది. మీ బండికి దొరక్కపోతే, హ్యాండిల్ కింద ఫ్రేము మెడ దగ్గర వెల్డింగ్ పెట్టి ఇస్తామని షెడ్డువాళ్లు అంటారు. ఎంత తెలిసినవాళ్లయినా సరే, అక్కడ మాత్రం వెల్డింగ్ పెట్టనివ్వకండి.