లారీ అద్దంలో మొహం, రోడ్డు మీద వడ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రోజూ బైకు మీద చీమకుర్తి నుంచి ఒంగోలు డ్యూటీకి వెళ్తాను. దారంతా గ్రానైట్ లారీలే. హారన్ కొట్టినా పక్కకి జరగరు. ఏ పక్కనుంచి దాటడం మేలు? (చీమకుర్తి పాఠకుడు)

కుడిపక్క నుంచే. ఎడమపక్క సందు ఎంత వెడల్పుగా ఉన్నా దూరొద్దు. హారన్ సంగతి తర్వాత, ముందు డ్రైవరుకి మీరు కనపడుతున్నారో లేదో చూసుకోండి. బంపరుకి ముందు కొన్ని అడుగులు, వెనక బాడీకి ఆనుకుని ఉన్న చోటు, రెండు తలుపుల కింద భాగం... ఇవి క్యాబిన్‌లోంచి కనపడవు. అందులోనూ క్లీనర్ వైపు మరీ అన్యాయం. అంత ఎత్తున కూర్చున్న మనిషికి ఎడమ తలుపు కింద పోతున్న బైకు ఉన్నట్టే తెలీదు. లారీ సైడు అద్దంలో డ్రైవరు మొహం మీకు కనపడాలి. కనపడలేదంటే ఆయనకీ మీరు కనపడనట్టే.

దాటాలంటే ముందు వెనక్కి తగ్గాలి. లారీ వెనకే అంటుకుని పోతే ఎదురు రోడ్డు కనపడదు. పైగా లారీ తన చక్రాల మధ్య వదిలేసిన గుంత నేరుగా మీ ముందు చక్రం కిందికొస్తుంది. లారీ ఒక కరెంటు స్తంభాన్ని దాటినప్పటి నుంచి మీరు దాటేదాకా కనీసం 3 సెకన్లు పట్టాలి. 50 కిలోమీటర్ల వేగంలో అది 40 మీటర్ల పైమాటే. ఎదర ఖాళీ ఉందని తేలాక వెనక అద్దం చూసి, ఇండికేటర్ వేసి, రాత్రయితే ఒకసారి డిప్పర్ కొట్టి, ఒక గేరు తగ్గించి చకచకా దాటేయండి. లారీ పక్కనే సమానంగా నడపొద్దు. మీకూ దానికీ మధ్య కనీసం ఒక మీటరు వదలండి. పెద్ద లారీ గాలి పక్కన ఉండగా లోపలికి లాగుతుంది, క్యాబిన్ దాటుతుండగా బయటికి నెడుతుంది. హ్యాండిల్ బిగబట్టకుండా మోకాళ్లతో ట్యాంకుని పట్టుకుంటే బండి నిలకడగా ఉంటుంది. దాటగానే ఎడమకి తిప్పేయొద్దు. లారీ హెడ్‌లైట్లు రెండూ మీ అద్దంలో పడ్డాకే రండి, ఎందుకంటే రాళ్ల లోడుతో ఉన్న బండి మీ బైకు ఆగినంత దూరంలో ఆగలేదు.

ఇంతకంటే ప్రమాదం జంక్షన్ దగ్గర ఉంది. ట్రైలరు ఎడమకి తిరిగేముందు కొంచెం కుడికి జరుగుతుంది. అది చూసి దారిచ్చాడనుకుని మనవాళ్లు ఎడమ సందులోకి దూరతారు. ట్రైలరు వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి, అంటే సరిగ్గా మీరున్న చోటికి. కృష్ణపట్నం పోర్టు దారిలో వెళ్లేవాళ్లకీ ఇదే మాట: అది పూర్తిగా తిరిగేదాకా వెనకే ఆగండి.

ప్రశ్న: ముందు బ్రేకు కొడితే పల్టీ కొడతాం, వెనక బ్రేకే వాడమని మా నాన్న అంటారు. నిజమేనా? (కావలి పాఠకురాలు)

ముందు బ్రేకు ఒక్కసారిగా గుంజితేనే ఆ భయం. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. అందుకే ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పొడి తారు రోడ్డు మీద 60లో పోతుంటే, తేరుకోవడానికి పట్టే ఒక్క సెకనులో 17 మీటర్లు, రెండు బ్రేకులతో మరో 28 మీటర్లు, మొత్తం 45 మీటర్లు పడుతుంది. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే దానికి ఇంకో 15, 20 మీటర్లు కలుపుకోండి.

బండి నిటారుగా ఉండగా యాక్సిలరేటర్ వదిలి, రెండు వేళ్లతో లివరుని ముందు మెల్లగా, బరువు ముందుకు వచ్చాక గట్టిగా నొక్కండి. అదే సమయంలో పెడలూ తొక్కండి. క్లచ్ ఆగబోయే ముందు పట్టుకుంటే చాలు. ఖాళీ మైదానంలో 20 వేగంతో మొదలుపెట్టి 40 దాకా సాధన చేయండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి లివరు వణికినట్టు అనిపిస్తే వదలొద్దు, అది పని చేస్తున్నట్టు లెక్క. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకి ఏబీఎస్, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్ (రెండు బ్రేకుల్నీ కలిపి పట్టించే ఏర్పాటు) తప్పనిసరి చేశారు. సీబీఎస్ అయితే స్కూటర్‌కి ఎడమ లివరు, బైకుకి పెడల్ నొక్కినా ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది.

మెకానిక్‌లు కూడా మర్చిపోయే విషయం ఒకటుంది. చైను బిగించినప్పుడు వెనక చక్రం జరిగి డ్రమ్ బ్రేకు బిగుసుకుంటుంది. పెడల్‌కి 2, 3 సెంటీమీటర్ల ఫ్రీ ప్లే (బ్రేకు పట్టకముందు ఊరికే కదిలే దూరం) ఉండేలా బ్రేకు రాడ్డు చివరి నట్టు మళ్లీ సర్దించండి. తర్వాత బ్రేకు లైటు సరిగ్గా వెలుగుతుందో లేదో గోడ దగ్గర బండి పెట్టి చూసుకోండి. డిస్క్ బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 3, డాట్ 4ల్లో ఏది పోయాలో మూత మీదే రాసి ఉంటుంది.

ప్రశ్న: కోతలప్పుడు మా ఊరి రోడ్డు సగం వడ్లే. రాత్రిళ్లు ట్రాక్టర్ ట్రక్కులకి వెనక లైట్లు కూడా ఉండవు. ఎలా నడపాలి? (ఇందుకూరుపేట పాఠకుడు)

డిమ్ లైటు వెలుగు సుమారు 30, 40 మీటర్లు. 60లో ఆగడానికి 45 కావాలని పైన చెప్పుకున్నాం. అంటే లైటు లేని ట్రక్కు కనపడ్డాక బ్రేకు కొట్టినా గుద్దుకోవాల్సిందే. 40లో అయితే 23 మీటర్లలో ఆగిపోతారు. అదీ ఎదురు బండి లైటు కళ్లలో కొట్టనప్పుడు మాట, కొడితే ఇంకా తగ్గించి రోడ్డు ఎడమ అంచు చూస్తూ పోవాలి.

వడ్ల మీదికి ఎక్కక తప్పకపోతే ఎక్కే ముందే వేగం తగ్గించుకోండి. ఎక్కాక బ్రేకు వద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, నేరుగా పోనివ్వండి. అసలు ప్రమాదం వడ్లకంటే వాటి చుట్టూ పేర్చిన రాళ్లతో. పట్టలు ఎత్తేసినా రాళ్లు అక్కడే ఉంటాయి. రొయ్యల లారీలు కార్చుకుంటూ పోయిన నీళ్ల దగ్గరా ఇంతే, మలుపులో అయితే మరీ జాగ్రత్త. రైతులకి మా మనవి: ట్రక్కు వెనక రెండు చివర్లా ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించండి. దాని ఖర్చు ఎంతో కాదు.

ప్రశ్న: హైవే మీద యూటర్న్ దూరం. సింగరాయకొండ వైపు అందరూ మార్జిన్‌లో రాంగ్ రూట్లోనే వస్తారు. నెమ్మదిగా వస్తే తప్పా? (ఒక పాఠకుడు)

తప్పే. మీరు 30లో, ఎదురు కారు 90లో వస్తే ఇద్దరి మధ్య 100 మీటర్లు 3 సెకన్లలో కరిగిపోతుంది. పైగా అడ్డరోడ్డులోంచి హైవే ఎక్కేవాళ్లు బండ్లు వచ్చే వైపే చూస్తారు, మీ వైపు తల తిప్పరు. సర్వీసు రోడ్డు ఉంటే అందులో బండ్లు వెళ్లే దిశలోనే వెళ్లండి. లేకపోతే దూరమైనా ఆ యూటర్నే.

ప్రశ్న: వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ కావాలా? (గూడూరు పాఠకురాలు)

కావాలి. నాలుగేళ్లు దాటిన ఎవరికైనా చట్టం అదే చెబుతోంది. లేకపోతే 1000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సు మీద వేటు. ఐఎస్ 4151 (హెల్మెట్ల నాణ్యతా ప్రమాణం) గుర్తున్నదే కొనండి. పెట్టుకుని తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ విడిగా కదలకూడదు. స్ట్రాప్ కింద రెండు వేళ్లు పడితే సరి. నల్ల అద్దం రాత్రికి పనికిరాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నదాన్ని, పైకి బాగానే కనపడినా, మళ్లీ వాడొద్దు: లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది.