రెండేళ్ళ కాలేజీలో చేరబోతున్న మా అన్నయ్య కూతురికి

మా బంగారుతల్లికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు ఫ్రీమాంట్‌లోని ఓలోనీ కాలేజీలో రెండేళ్ళు చదివి, ఆ తరువాత ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ (సంస్థల పనులకు కంప్యూటర్ వ్యవస్థలను రూపొందించే చదువు) కోసం శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీకి మారాలనుకుంటున్నావని అన్నయ్య ఫోనులో చెప్పాడు. ఇలాంటి రెండేళ్ళ కాలేజీకి వాడే కమ్యూనిటీ కాలేజీ అన్న మాటను నలుగురిలో చెప్పుకోవడానికి మొహమాటపడుతున్నట్టు ఆ గొంతులోనే తెలిసింది. ఇందులో చిన్నతనమేమీ లేదు. నేనూ ఆ దారినే వచ్చాను. చివరకు చేతికి వచ్చే పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరే. కాలిఫోర్నియా నివాసిగా నమోదైన విద్యార్థికి ఇక్కడ యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్కకు) 46 డాలర్లే ఫీజు. ఆ నమోదుకు కావలసిన పత్రాలు ముందుగానే ఇవ్వు, లేకుంటే ఫీజు ఎన్నో రెట్లవుతుంది.

కోర్సులు ఎంచుకోవడం నీ కాలేజీ క్యాటలాగ్‌తో మొదలుపెట్టకు. చేరబోయే యూనివర్సిటీ ఏమి అడుగుతోందో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రా. ఈ చదువు అన్ని చోట్లా ఒకే శాఖలో ఉండదు. శాన్ హోసే స్టేట్‌లో ఇది బిజినెస్ కాలేజీ కింద ఉంది కనుక మొదటి రెండేళ్ళలో అకౌంటింగ్, ఆర్థికశాస్త్రం, స్టాటిస్టిక్స్, వ్యాపార చట్టం వంటివి పూర్తిచేయాలి. దీనికి దగ్గరి చదువైన ఇన్ఫర్మాటిక్స్ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) అర్వైన్‌ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్సెస్ స్కూలు కింద ఉంది కనుక అక్కడ ప్రోగ్రామింగ్‌కు ప్రాధాన్యం. నీ కాలేజీలోని ఏ కోర్సు అక్కడి ఏ కోర్సుకు సమానమో అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్‌లో సంవత్సరాల వారీగా ఉంటుంది. దాన్ని అచ్చు తీసి దాచుకో.

ఇది తెలియక నేను దెబ్బతిన్నాను. నేను చేరిన కాలేజీ క్వార్టర్ పద్ధతిది, అంటే ఏడాదిని సెమిస్టర్ల కంటే చిన్న భాగాలుగా విడదీసి నేర్పేది, అక్కడ అకౌంటింగ్‌ను మూడు భాగాలుగా నేర్పేవారు. రెండు పూర్తిచేసి, మిగిలినది యూనివర్సిటీలో చూసుకోవచ్చుననుకున్నాను. అయితే సెమిస్టర్ పద్ధతి యూనివర్సిటీలో ఆ మూడూ కలిస్తేనే రెండు కోర్సులకు సమానమట. మేనేజీరియల్ అకౌంటింగ్ (సంస్థ లోపలి నిర్ణయాలకు వాడే లెక్కలు) మళ్ళీ మొదటి నుంచి చదివాను. దాని మీద ఆధారపడిన కోర్సులన్నీ ఒక సెమిస్టర్ వెనక్కి జరిగాయి. ఓలోనీ సెమిస్టర్ పద్ధతి కాలేజీయే అయినా, వేసవిలో కుపర్టినోలోని డీ ఆంజాలో ఏదైనా చదవాలనుకుంటే ఈ సంగతి గుర్తుంచుకో, అది క్వార్టర్ పద్ధతిది. 60 సెమిస్టర్ యూనిట్లంటే 90 క్వార్టర్ యూనిట్లు.

కంప్యూటర్ చదువుకు వెళుతూ అకౌంటింగ్ ఎందుకని నీకు విసుగు రావచ్చు. నా ఉద్యోగంలో మొదటి ఏడాదంతా ఒకే పనితో గడిచింది: కొనుగోలు ఆర్డరు, గోదాములో సరుకు దిగినట్టు రాసిన రసీదు, అమ్మకందారు పంపిన బిల్లు, ఈ మూడూ సరిపోలితే తప్ప డబ్బు చెల్లించకుండా సిస్టమ్ ఆపాలి. కోడు రాయడం అంత కష్టం కాలేదు. వంద పెట్టెలకు ఆర్డరిస్తే తొంభై వచ్చినప్పుడు ఆ పది పెట్టెల బాకీ ఏ ఖాతాలో ఉండాలో తెలియడమే కష్టమైంది, అది నాకు రెండోసారి చదివిన ఆ అకౌంటింగ్ పుస్తకమే నేర్పింది. డేటాబేస్ కోర్సులో పట్టికలు గీసేటప్పుడు కూడా ఇలాంటి లావాదేవీని కళ్ళముందు పెట్టుకుని గీయి.

దరఖాస్తులకు అక్టోబరు, నవంబరు నెలలు ముఖ్యం. 2010 చట్టంతో వచ్చిన అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ (యూనివర్సిటీకి మారేవారికి రెండేళ్ళ కాలేజీ ఇచ్చే పట్టా) ఉంటే శాన్ హోసే స్టేట్ ఉన్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటుకు హామీ ఉంది, అయితే కోరుకున్న క్యాంపస్‌కు కాదు. యూసీల్లో ఆరు క్యాంపస్‌లు ఇచ్చే ప్రవేశ హామీకి సెప్టెంబరులోనే దరఖాస్తు చేయాలి. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియాగో ఆ ఆరింటిలో లేవు.

ఇంకొక విషయం అన్నయ్యతో కలిసి కూర్చుని చూసుకో. నీది హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవారి కుటుంబసభ్యుల) హోదా కనుక 21 ఏళ్ళు నిండేలోగా ఎఫ్-1 (విద్యార్థి) హోదాకు మారాలి, ఆ మార్పు సరిగ్గా యూనివర్సిటీకి మారే రోజుల్లోనే వచ్చి పడుతుంది. చదువయ్యాక ఏడాది ఓపీటీకి (ఎఫ్-1 విద్యార్థులు చదివిన రంగంలో పని చేసుకునే అనుమతికి) తోడు మరో 24 నెలలు కావాలంటే డిగ్రీ కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉండాలి. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పేరున్న డిగ్రీలన్నీ అందులో ఉండవు కనుక యూనివర్సిటీని ఎంచుకునే ముందే అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి, జవాబు రాతలో తీసుకో.

రిజిస్ట్రేషన్ తేదీకి వారం ముందు నీ మొదటి సెమిస్టర్ కోర్సుల జాబితా నాకు పంపు. ఆ ఆదివారం మధ్యాహ్నం మన ఇద్దరం అసిస్ట్ పట్టికను ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూద్దాం.

ఇట్లు,
నీ మేనత్త